పన్ను దారి సాఫీ, పని దారి గతుకులు

ఏప్రిల్ వచ్చిందంటే ఊళ్లో మున్సిపాలిటీ మైకు మోగుతుంది. ఏడాది ఇంటి పన్ను మొత్తం నెలాఖరులోగా కట్టేస్తే 5 శాతం రాయితీ అని ఆటోకు ఫ్లెక్సీ కట్టుకుని సందుసందూ తిరుగుతారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇదే వరస. హైదరాబాద్‌లో దానికి ‘ఎర్లీ బర్డ్’ అని పేరు కూడా పెట్టారు. ఆ రాయితీ కోసం సైటు తెరిచినవాళ్లకు పెద్ద కష్టమేమీ ఉండదు. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో అసెస్‌మెంట్ నంబరు, జీహెచ్‌ఎంసీలో పీటీఐఎన్ నంబరు కొడితే బాకీ ఎంతో కనబడుతుంది. అక్కడికక్కడే డబ్బు కట్టొచ్చు, రసీదు తీసుకోవచ్చు. డాలస్‌లో ఉన్న కొడుకు తెనాలిలో అమ్మానాన్నల ఇంటి పన్ను అక్కడి నుంచే కట్టేయగలడు.

అదే కొడుకు ఇంకో సంగతి వెతకబోతే కథ మారుతుంది. వీధిలో వారాల తరబడి వెలగని లైటు గురించి ఎవరికి చెప్పాలి? నాన్న పోయాక ఇల్లు అమ్మ పేరు మీదికి మార్చాలంటే ఏయే కాగితాలు కావాలి? తమ వార్డుకు శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఎవరు, ఆయన ఫోన్ నంబరేది? ఇలాంటివాటికి జవాబు సైటులో ఎక్కడో ఉండొచ్చు. ఏ మెనూ కింద, ఏ పీడీఎఫ్‌లో, ఏ ఏడాది నాటి పీడీఎఫ్‌లో ఉందో కనిపెట్టడం వెతికేవాళ్ల ఓపికను బట్టి ఉంటుంది. ఓపిక అయిపోయాక ఆ ఊళ్లోనే ఉన్న బావమరిదికి ఫోన్ చేసి, ‘ఒకసారి ఆఫీసుకెళ్లి కనుక్కో బావా’ అంటాడు.

ఒకే సైటులో ఈ తేడా ఎందుకొచ్చిందో ఆలోచిస్తే సాంకేతిక కారణమేమీ దొరకదు. కారణం లెక్కల్లో ఉంది. ఒక రోజు పేమెంట్లు ఆగిపోతే సాయంత్రానికల్లా వసూళ్ల పట్టికలో తేలుతుంది. రెవెన్యూ ఆఫీసరు రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ (ఆర్‌ఐ)ని అడుగుతారు, ఆర్‌ఐ సైటు నడిపేవాళ్లకు ఫోన్ చేస్తారు, తెల్లారేసరికి బాగవుతుంది. నమోదు చేయలేక జనం వదిలేసిన ఫిర్యాదు మాత్రం ఏ పట్టికలోనూ తేలదు. పైగా ఫిర్యాదులు తగ్గాయని సమీక్షలో మంచి మార్కులే పడతాయి. మున్సిపాలిటీ సైటు బాగుపడాలంటే ముందు ఈ రెండో లెక్క మొదలుపెట్టాలి. ఏ పని మీద ఎంతమంది వచ్చారు, ఎంతమంది ఆ పని ముగించుకుని వెళ్లారు, ఎంతమంది మధ్యలో వదిలేశారు అన్నదే ఆ లెక్క. ‘మా సైటులో ఇన్ని సేవలున్నాయి’ అనే ప్రకటనలకూ దీనికీ సంబంధం లేదు.

మన దగ్గర చాలా పురపాలక సైట్లు ఆఫీసు గదుల వరసనే తెర మీదికి ఎక్కించాయి. రెవెన్యూ, టౌన్ ప్లానింగ్, ఇంజినీరింగ్, పబ్లిక్ హెల్త్, మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ), అకౌంట్స్ అని మెనూలు కనబడతాయి. లోపల పనిచేసేవాళ్లకు అది సహజంగానే ఉంటుంది. పిల్లాడి బర్త్ సర్టిఫికెట్ పని పబ్లిక్ హెల్త్ విభాగం చూస్తుందనీ, వీధి లైటు ఇంజినీరింగ్ వాళ్లదనీ, పక్కింటాయన గోడ జరిపి కట్టుకుంటే టౌన్ ప్లానింగ్ వాళ్లకు చెప్పాలనీ ఇంట్లో కూర్చున్న మనిషికి ఎలా తెలుస్తుంది? ఆంధ్రప్రదేశ్ వార్డు సచివాలయాల్లో అమెనిటీస్ సెక్రటరీ, శానిటేషన్ సెక్రటరీ, ప్లానింగ్ సెక్రటరీ అని పని విభజన ఉంది. డ్రైనేజీ పొంగి రోడ్డు మీదికొస్తే అది అమెనిటీసా, శానిటేషనా అన్నది సెక్రటరీలే ఒకరినొకరు అడిగి తేల్చుకునే ప్రశ్న.

హోం పేజీ సంగతి సరేసరి. పైన ముఖ్యమంత్రి, మంత్రి, కమిషనర్ ఫొటోలు. వాటి కింద తోరణంలా కదిలిపోయే అక్షరాలు; వేలు పెట్టబోయేలోపే జారిపోతాయి. మొక్కలు నాటిన కార్యక్రమం ఫొటోలు ఒకదాని తర్వాత ఒకటి తిరుగుతుంటాయి. ‘కొత్తది’ అని మెరిసే గుర్తు పక్కన ఎప్పటిదో టెండరు నోటీసు. అడుగున ఎంతమంది సందర్శించారో చెప్పే అంకె. ఆ సందర్శకుల్లో ఎందరు ఏమీ దొరక్క వెనక్కి పోయారో ఆ అంకె చెప్పదు గానీ, దాన్ని మాత్రం ఎవరూ తీసేయరు.

విచిత్రమేమిటంటే, ఈ శాఖల చిక్కుకు విరుగుడు తెలుగువాళ్లు పాతికేళ్ల కిందటే కనిపెట్టారు. 1999 డిసెంబరులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ‘ట్విన్స్’ పేరుతో ఒక ప్రయోగ కేంద్రం మొదలైంది. అదే 2001 ఆగస్టులో ఈ-సేవగా మారి నగరమంతా విస్తరించింది. అప్పటిదాకా కరెంటు బిల్లుకు ఒక క్యూ, నీళ్ల బిల్లుకు ఇంకో క్యూ, ఇంటి పన్నుకు మరో ఆఫీసు. ఈ-సేవలో ఏ కౌంటర్ దగ్గర నిలబడినా ఏ పనైనా అయ్యేది, అదీ ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా. వచ్చిన మనిషి పనేమిటన్నదే అక్కడ ప్రశ్న. ఆ పని ఏ శాఖదన్నది కౌంటర్ వెనక వాళ్ల తలనొప్పి. 2011లో వచ్చిన మీసేవ ఆ పద్ధతిని జిల్లాలకూ పల్లెలకూ తీసుకుపోయింది. దేశంలో చాలా రాష్ట్రాలు వచ్చి చూసి నేర్చుకున్న పద్ధతి ఇది. కౌంటర్ల దగ్గర నేర్చుకున్న ఆ పాఠాన్ని వెబ్‌సైట్లు కట్టేటప్పుడు మాత్రం పక్కన పెట్టేశారు; మళ్లీ శాఖలవారీ గదులే వచ్చాయి.

బ్రిటన్ ఇదే సంగతిని వెబ్ మీద చేసి చూపింది. 2010లో ఇంటర్నెట్ వ్యాపారవేత్త మార్తా లేన్ ఫాక్స్ ఇచ్చిన నివేదిక ఆధారంగా అక్కడి ప్రభుత్వం ఒక డిజిటల్ బృందాన్ని కూర్చింది. 2012 అక్టోబరు 17న గవ్-డాట్-యూకే తెరుచుకుంది. డైరెక్ట్‌గవ్, బిజినెస్ లింక్ అనే రెండు పెద్ద సైట్లు దాంట్లో కలిసిపోయాయి. ఆ బృందం రాసుకున్న సూత్రాల్లో మొదటిది, జనం అవసరంతో మొదలుపెట్టాలన్నది. వినడానికి మామూలు మాటే. దాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నారో తెలియాలంటే బ్యాంకు సెలవుల పేజీ చూడాలి. తర్వాతి సెలవు ఏ రోజున వస్తుందో పెద్ద అక్షరాల్లో ఉంటుంది, దాని కింద మిగతా ఏడాది జాబితా. శాఖ చరిత్ర లేదు, మంత్రి సందేశం లేదు, డౌన్‌లోడ్ చేసుకోవాల్సిన ఉత్తర్వు లేదు. సెలవెప్పుడో తెలుసుకోవడానికి వచ్చినవాళ్లు అది తెలుసుకుని వెళ్లిపోతారు.

అక్కడి కౌన్సిళ్ల కథ ఇంకా పనికొస్తుంది, ఎందుకంటే అవి మన మున్సిపాలిటీల్లాంటివే. చెత్త బండి ఏ రోజు వస్తుంది, రోడ్డు గుంత గురించి ఎవరికి చెప్పాలి, లైబ్రరీ ఎప్పుడు తెరుస్తారు, ఇవే అక్కడా జనం వెతికేవి. స్థానిక సంస్థల ఐటీ ఉద్యోగుల సంఘం సోసిటిమ్ దాదాపు రెండు దశాబ్దాలపాటు ఏటా ‘బెటర్ కనెక్టెడ్’ అనే పరీక్ష పెట్టింది. పరీక్షకులు మామూలు జనంలాగే ఒక్కో కౌన్సిల్ సైటులోకి వెళ్లి, చెప్పిన పని చేయగలరేమో చూసి, నాలుగు నక్షత్రాల లెక్కన మార్కులు వేసేవారు. చెత్త బండి రాలేదని చెప్పడం ఎంత తేలిక అన్నది కూడా వాళ్ల ప్రశ్నల్లో ఒకటి. పక్క ఊరికి నాలుగు నక్షత్రాలొచ్చి తమకు ఒకటే వస్తే ఏ కౌన్సిల్ అధికారికైనా చురుక్కుమంటుంది. మన దగ్గర స్వచ్ఛ సర్వేక్షణ్ ర్యాంకుల కోసం మున్సిపాలిటీలు ఎంత పోటీ పడతాయో చూస్తున్నాం. ఆ పోటీలో పదోవంతు సైట్ల విషయంలో పెట్టినా చాలు.

క్రాయిడన్, బ్రైటన్ అండ్ హోవ్ కౌన్సిళ్లు ఇంకో అడుగు వేశాయి. ఎవరికి వారు కంపెనీలకు డబ్బు పోసి ఒకే రకం సైటు కట్టించుకోవడం ఎందుకని, ‘లోకల్‌గవ్ డ్రూపల్’ పేరుతో ఉమ్మడి మూస తయారుచేసి కోడ్ అందరికీ తెరిచిపెట్టాయి. ఇప్పుడు పదుల సంఖ్యలో కౌన్సిళ్లు దాన్ని వాడుకుంటూ, ఒకరు చేసిన మెరుగుదలను మరొకరు తెచ్చుకుంటున్నారు.

ఆంధ్రప్రదేశ్‌కు ఆ శ్రమ కూడా అక్కర్లేదు. రాష్ట్రంలో 123 పట్టణ స్థానిక సంస్థలున్నాయి. ఊళ్ల సైట్లు పురపాలక డైరెక్టరేట్ చిరునామా కిందే, ఒకే మూసలో నడుస్తాయి. పన్నులు, నీటి కనెక్షన్లు, ఫిర్యాదులకు పట్టణాలన్నిటికీ ఉమ్మడి సాఫ్ట్‌వేర్ 2015-16 ప్రాంతంలోనే తెచ్చారు. అంటే తెనాలి సైటులో ఉన్న లోపమే భీమవరంలోనూ ఉంటుంది, కదిరిలోనూ ఉంటుంది. ఒక్క చోట సరిచేస్తే అన్ని ఊళ్లకూ ఒకేసారి సరిపోతుంది. ఇంగ్లండ్ కౌన్సిళ్లు ఏళ్ల తరబడి కూడబలుక్కుని తెచ్చుకున్న సౌకర్యం ఇక్కడ పుట్టుకతోనే ఉంది. అది ఇన్నాళ్లూ ఒకే లోపాన్ని అన్ని ఊళ్లకూ సమానంగా పంచడానికి పనికొచ్చింది.

ఒక పేజీ బాగుంటే ఎలా ఉంటుందో చూడాలంటే బర్త్ సర్టిఫికెట్‌ను మించిన ఉదాహరణ దొరకదు. జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది. 2023లో దాన్ని సవరించారు. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడం, ఆధార్, పాస్‌పోర్ట్, డ్రైవింగ్ లైసెన్స్, ఓటరు నమోదు, ప్రభుత్వోద్యోగం, అన్నిటికీ పుట్టిన తేదీ రుజువు ఈ సర్టిఫికెటే. వెనకటిలా పదో తరగతి మార్కుల జాబితా చూపించి నెట్టుకురావడం వాళ్లకు కుదరదు. అంటే ఈ కాగితం విలువ ఒక్కసారిగా పెరిగింది. మరి సైట్లలో ఏముంటోంది? సాధారణంగా ఒక వెతుకుడు ఫారం ఉంటుంది. రిజిస్ట్రేషన్ నంబరు అడుగుతుంది. ఆ నంబరు సర్టిఫికెట్ మీదే ఉంటుంది. సర్టిఫికెట్ చేతిలో ఉన్నవాళ్లు ఇక్కడికెందుకొస్తారు?

ఆ ఫారానికి ముందు ఇలా నాలుగు ముక్కలు రాస్తే చాలు: ‘బిడ్డ ఆసుపత్రిలో పుడితే వివరాలు ఆసుపత్రి వాళ్లే పంపాలి; ఇంట్లో పుడితే ఇంటి పెద్ద చెప్పాలి. 21 రోజుల్లో నమోదుకు రుసుము లేదు. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. పేరు ఇంకా పెట్టలేదా? పేరు లేకుండానే నమోదు చేయించండి. 12 నెలల్లోపు ఉచితంగా పేరు చేర్పించవచ్చు, ఆ తర్వాత 15 ఏళ్ల దాకా ఆలస్య రుసుముతో చేర్పించవచ్చు. స్పెల్లింగ్ తప్పు పడితే ఈ కాగితాలు తెచ్చుకోండి.’ బారసాల దాకా ఆగి నమోదుకు వెళ్దామనుకుని 21 రోజులూ దాటబెట్టుకునే ఇళ్లు మన దగ్గర ఎన్నో. పేరుకూ నమోదుకూ ముడి లేదన్న ఒక్క వాక్యం ఆ పేజీ మీద ఉంటే ఎందరికి తిరుగుడు తప్పుతుందో! ఇందులో కొత్త సాఫ్ట్‌వేర్ ఏమీ లేదు. చట్టం చదివి, కౌంటర్‌లో కూర్చునే గుమాస్తాను రోజూ జనం ఏమడుగుతున్నారో కనుక్కుని, ఆ జవాబులు మనుషులు మాట్లాడే తెలుగులో రాయగల ఒక మనిషి కావాలి.

ఆ తెలుగే పెద్ద గండం. పుర సైట్లలో తెలుగు అన్నది తరచూ మూలనున్న గూగుల్ అనువాదం బొత్తం దగ్గర ఆగిపోతుంది, లేదంటే స్కాన్ చేసి పెట్టిన కాగితంలో ఉంటుంది. స్కాన్ కాగితం వెతుకులాటకు దొరకదు, ఫోన్‌లో పెద్దది చేస్తే మసకబారుతుంది, చూపులేనివాళ్ల కోసం చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అది ఒట్టి బొమ్మ. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టిన పాత ఫైళ్లదీ అదే బాధ. కాపీ చేస్తే ఇంగ్లిష్ అక్షరాల గందరగోళం వస్తుంది. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగుకు చోటుంది. గిడుగు, గురజాడ, సురవరం, మండలి పేర్లతో ఉచిత యూనికోడ్ ఫాంట్లు ఎన్నో ఏళ్లుగా అందరికీ అందుబాటులో ఉన్నాయి. జనం వాడుక భాష కోసం పోరాడిన గిడుగు పేరున్న ఫాంటు చేతిలో పెట్టుకుని కూడా ఆఫీసులు స్కానర్ మీద ఆధారపడటం విడ్డూరం.

ఇదంతా దయాదాక్షిణ్యాల విషయం కాదు, చట్టం. సమాచార హక్కు చట్టం 2005లోని సెక్షన్ 4 ఎవరూ అడగకముందే 17 రకాల వివరాలు ప్రకటించాలంటుంది. అధికారుల జాబితా, వాళ్ల విధులు, బడ్జెట్, నిర్ణయాలు తీసుకునే పద్ధతి అందులో భాగాలు. ఏటా వాటిని తాజాపరచాలి. స్థానిక భాషనూ, ఆ ప్రాంతంలో బాగా చేరే మార్గాన్నీ దృష్టిలో పెట్టుకోవాలని అదే సెక్షన్ చెబుతుంది. కేంద్రం 2009లోనే ప్రభుత్వ వెబ్‌సైట్లకు మార్గదర్శకాలు ఇచ్చి 2023లో వాటి మూడో కూర్పు తెచ్చింది. సమాచారం అందరికీ అందేలా ఉండాలనే దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇంకా ముందుకెళ్లింది. కళ్లార్పితేనే గానీ ముందుకు సాగని ఈ-కేవైసీ వల్ల బ్యాంకు ఖాతా వంటి సేవలకు దూరమైన యాసిడ్ దాడి బాధితుల, చూపులేనివారి కేసుల్లో, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పి 20 ఆదేశాలిచ్చింది. వంకర అక్షరాల క్యాప్చా ఒక్కటే పెట్టి, వినిపించే మార్గం పెట్టని పుర సైటు ఆ తీర్పు వెలుగులో ఏమని సమాధానం చెబుతుంది?

చెబితే వాట్సాప్ ఉంది కదా అని చెప్పొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి 30న ‘మన మిత్ర’ మొదలైంది. 9552300009 నంబరుకు ‘హాయ్’ అని పంపితే మెనూ వస్తుంది. తొలిరోజున 161 సేవలతో ప్రారంభించారు. మంచి పనే. కొత్త యాప్ దించుకోనక్కర్లేదు, పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఇంట్లో అమ్మమ్మకూ వాట్సాప్ వచ్చు. వెబ్‌సైట్లు ఇన్నేళ్లుగా చేయలేని సంగతి, అంటే మనిషి పనితో మాట మొదలుపెట్టడం, అది కొంతవరకైనా చేసింది. అయితే చాట్‌లో వచ్చిన జవాబు ఆ ఒక్క ఫోన్‌లో ఉండిపోతుంది. వార్డుకు ఎంత కేటాయించారు, కౌన్సిల్ పోయిన నెల ఏ తీర్మానం చేసింది, మాస్టర్ ప్లాన్‌లో ఆ ఖాళీ జాగా పార్కా కాదా అన్నవి నలుగురూ ఒకే చిరునామాకు వెళ్లి ఒకే కాగితం చూడగలిగేలా ఉండాలి. దాన్ని విలేకరి చూపించగలగాలి, కౌన్సిలర్ నిలదీయగలగాలి, అయిదేళ్ల తర్వాత కోర్టులో దాఖలు చేయగలగాలి. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవోలను ఆన్‌లైన్‌లో పెట్టడం ఆపేసినప్పుడు అది ఎంత లోటో అందరికీ తెలిసింది; 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ పెట్టడం మొదలైంది. ఊరి స్థాయిలో అలాంటి ఖజానా పుర సైటే. దాని పని వాట్సాప్ చేయదు, చేయాలని అనుకోవడం కూడా న్యాయం కాదు.

పేర్లు మార్చే జబ్బు ఇంకొకటి. ఆంధ్రప్రదేశ్‌లో ఫిర్యాదుల గడపకు ఒక ప్రభుత్వంలో ‘మీకోసం’ అని పేరు. 2019లో అది ‘స్పందన’ అయింది. 2023లో ‘జగనన్నకు చెబుదాం’ వచ్చింది. 2024 తర్వాత పీజీఆర్‌ఎస్ అంటున్నారు. తెలంగాణలో ఇళ్ల అనుమతులకు 2020లో టీఎస్-బీపాస్, 2025లో ‘బిల్డ్ నౌ’. పెద్దాయన ఒకాయన కష్టపడి ఒక దారి నేర్చుకునేలోపు బోర్డు మారిపోతుంది. పార్టీలు పథకాలకు ఏ పేర్లయినా పెట్టుకోవచ్చు. డ్రైనేజీ పొంగిందని చెప్పుకునే చోటుకు మాత్రం ఎన్నికలతో సంబంధంలేని ఒక పేరు, ఎప్పటికీ మారని ఒక చిరునామా ఉండాలి.

టీఎస్-బీపాస్ పేరు ఎత్తాక దాని మంచి కూడా చెప్పాలి. 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇల్లు కట్టుకునేవాళ్లకు అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలన్నారు. 500 చదరపు మీటర్ల దాకా సొంత ధ్రువీకరణతో తక్షణ ఆమోదం. అంతకు మించితే 21 రోజులు, గడువు దాటితే ఆమోదించినట్టే. ఇక్కడ తేలికయింది తెర కాదు, ముందు నిబంధన తేలికయింది. ఆ తర్వాత తెర దానంతటదే చిన్నదైంది. చాలా సేవల్లో ఇది తలకిందులుగా జరుగుతోంది. గెజిటెడ్ సంతకాలు, నోటరీ అఫిడవిట్లు, మూడు నకళ్లు ఉన్న పాత ఫారాన్ని అలాగే తెర మీదికి ఎక్కించి, అప్‌లోడ్ సైజు 200 కేబీ మించకూడదని అదనపు షరతొకటి తగిలిస్తారు. ఆధార్, రిజిస్ట్రేషన్, విద్యుత్తు వివరాలు ప్రభుత్వం దగ్గరే ఉండగా వాటి జిరాక్సులు మళ్లీ జనాన్నే అడిగే ఫారాన్ని ఏ డిజైనరూ బాగుచేయలేడు.

ఈ సైట్లను నిజంగా రోజూ వాడేది ఎవరో గమనిస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. బస్టాండ్ పక్కన జిరాక్స్, నెట్ సెంటర్ నడిపే కుర్రాడు, మీసేవ ఆపరేటర్, మెప్మా సంఘాల రిసోర్స్ పర్సన్ (ఆర్పీ), వీధిలో అందరికీ ఫారాలు నింపిపెట్టే డిగ్రీ అమ్మాయి. ఏ పేజీ మధ్యాహ్నం వేళ తెరుచుకోదో, ఏ గడిలో ఇంటి నంబరు గీతతో కొట్టాలో, ఏ గడిలో గీత పెడితే తిప్పికొడుతుందో వీళ్లకు కంఠతా వచ్చు. నెట్ సెంటర్ కుర్రాడి దగ్గర ఒక నోట్‌బుక్ ఉంటుంది. పేటలో సగం ఇళ్ల లాగిన్ వివరాలు అందులో ఉంటాయి. గోప్యత గురించి కమిటీలు వేసేవాళ్లు ఒకసారి ఆ నోట్‌బుక్ చూడాలి. సైటు ఇంత కష్టంగా లేకపోతే ఆ పుస్తకం పుట్టేదే కాదు. కొత్త సైటు టెండరు పిలిచేటప్పుడు మాత్రం వీళ్లలో ఒక్కరినీ పిలిచి అడిగే ఆనవాయితీ లేదు.

పరీక్షించడం ఖర్చుతో కూడిన పనేమీ కాదు. అయిదుగురిని కూర్చోబెట్టి చూసినా వాడుకలోని లోపాల్లో ఎక్కువ భాగం బయటపడతాయని వెబ్ వాడుక నిపుణుడు జాకబ్ నీల్సన్ 2000లోనే రాశాడు. ఆ అయిదుగురు ఎవరన్నదే ముఖ్యం. తోపుడుబండి మీద కూరగాయలమ్మే ఆమె, రిటైరైన పోస్ట్‌మాస్టర్, చూపులేని టీచర్, నెట్ సెంటర్ కుర్రాడు, తెలుగు మాత్రమే చదవగల ఒక ఇల్లాలు. వాళ్ల చేతికి వాళ్ల సొంత ఫోన్లే ఇవ్వాలి. ‘మీ వీధిలో కుళాయి రాలేదు, ఈ సైటులో ఆ సంగతి చెప్పండి’ అని ఊరుకోవాలి. పక్కన కూర్చున్న ఇంజినీరు నోరు మెదపకూడదు. అధికారుల సమావేశ మందిరంలో పెద్ద తెర మీద, వేగమైన ఇంటర్నెట్ మీద ఎంత బాగా కనిపించిందో అప్పుడు గుర్తుచేసుకుంటే తేడా తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వినబడుతుంది. పేదలూ, చదువు రానివాళ్లూ ఎలాగూ ఆఫీసుకే వస్తారు, సైటు మీద ఇంత శ్రద్ధ ఎందుకని. వాళ్లు సచివాలయానికి వచ్చాక అక్కడి ఉద్యోగి తెరిచేదీ అలాంటి తెరలే. అర్థంకాని పేజీ ముందు ఉద్యోగి తడబడితే కౌంటర్ అవతల నిలబడ్డ మనిషిని రేపు రమ్మంటారు. పైగా ఇంటి దగ్గర పని ముగించుకోగలిగినవాళ్లు క్యూలో లేకపోతే ఆ కౌంటర్ సమయం ముసలమ్మకు దక్కుతుంది.

వరదల వేళ సంగతి వేరే చెప్పాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపు కాలనీలు నీట మునిగాయి. అలాంటి గంటల్లో పడవ ఎటొస్తుంది, పునరావాస కేంద్రం ఎక్కడ, మంచినీళ్లు ఎవరిస్తారు అన్నవే కావాలి. ఫోన్‌లో చార్జింగ్ అడుగంటుతుంది, సిగ్నల్ ఒకటీ అరా గీతలకు పడిపోతుంది. ఫొటోలు తిరిగే హోం పేజీ అప్పుడు తెరుచుకోదు. ఒక్క బొమ్మ కూడా లేకుండా, వట్టి తెలుగు అక్షరాలతో, వార్డులవారీగా గంట గంటకూ సమయం వేసి మార్చే పేజీ ఒకటి ప్రతి పట్టణానికీ ముందే సిద్ధంగా ఉంచుకోవాలి. గోదావరి గట్టునున్న ఊళ్లకూ, హైదరాబాద్ చెరువుల కింది కాలనీలకూ ఇది ఏటా వానాకాలం ముందు చూసుకోవాల్సిన పని, పూడికతీత లాగే.

మొదలుపెట్టడానికి పెద్ద ప్రాజెక్టు అక్కర్లేదు. పుర సైటుకు జనం ఎక్కువగా వచ్చే పనులు పది పన్నెండుకు మించవు: ఇంటి పన్ను, ఖాళీ స్థలం పన్ను, పేరు మార్పిడి, నీటి కనెక్షన్, జనన మరణ పత్రాలు, ఇంటి ప్లాను, ట్రేడ్ లైసెన్స్, చెత్త, లైట్లు, డ్రైనేజీ, కుక్కలు. మొదటి పేజీ మీద ఇవే ఉండాలి, మిగతావన్నీ రెండో పేజీకి పోవాలి. ప్రతి పని దగ్గరా ఎంత ఖర్చు, ఎన్ని రోజులు, ఏ కాగితాలు, ఎవరు చేస్తారు, చేయకపోతే పైన ఎవరికి చెప్పుకోవాలి అన్న అయిదు ముక్కలు ఉండాలి. ఆ పేజీ కిందే దానికి బాధ్యుడైన ఉద్యోగి హోదా, ఆఫీసు నంబరు, ఆ పేజీని చివరిసారి సరిచూసిన తేదీ ఉండాలి. బదిలీ అయిపోయిన కమిషనర్ ఫొటో ఇంకా నవ్వుతూ కనిపించే సైట్లకు ఈ తేదీ ఒక్కటే కాస్త సిగ్గు తెప్పిస్తుంది.

మున్సిపాలిటీ సిబ్బంది పట్టికలో శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఉన్నారు, టౌన్ ప్లానింగ్ సూపర్‌వైజర్ ఉన్నారు, ఏఈలు, బిల్ కలెక్టర్లు ఉన్నారు. ఊరి జనం అడిగే ప్రశ్నలకు తెలుగులో జవాబు రాసి, దాన్ని ఎప్పటికప్పుడు సరిచూసే ఉద్యోగం మాత్రం ఆ పట్టికలో లేదు. ఉమ్మడి మూస ఉన్న రాష్ట్రంలో డైరెక్టరేట్ దగ్గర అలాంటివాళ్లు నలుగురైదుగురు ఉన్నా 123 ఊళ్లకూ సరిపోతారు. తెలంగాణ పురపాలక డైరెక్టరేట్‌కూ అంతే. వచ్చే బడ్జెట్‌లో ఈ పోస్టులకు జీతం పద్దు రాసి, మొదటి ఆరు నెలలు వాళ్లను నెట్ సెంటర్లలోనూ సచివాలయం కౌంటర్లలోనూ కూర్చోబెట్టి, ఆ తర్వాతే కంప్యూటర్ ముందుకు పంపాలి.